ఆచరణకు దూరమైన కతోలికుల అంత్యక్రియలు, మరణానంతర జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావరకు చావు జరిగిన ఇంట్లో, ఫ్రీజర్ బాక్సు పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగేవి. "ఆయన గుడికి రావడం మానేసి చాన్నాళ్లయింది కదా, ఫాదర్ గారు వస్తారా?" అని ముందుగా అడుగుతారు. "ఇంతకీ ఆయన ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అన్నది చాలామంది మనసులోనే ఉంచుకుంటారు. ఇక్కడి జవాబులు లాటిన్ ఆచారాన్ని పాటించే కతోలిక శ్రీసభ (చర్చి) చట్టాన్ని, సత్యోపదేశాన్ని (శ్రీసభ అధికారిక బోధల గ్రంథాన్ని) అనుసరించి రాసినవి. చిక్కు పరిస్థితుల్లో మీ విచారణ (పారిష్) గురువులను, అంటే ఫాదర్ గారిని, నేరుగా అడగండి.

మా నాన్నగారు ఇరవై ఏళ్లుగా పూజకు (మాస్‌కు) వెళ్లలేదు. ఆయనకు గుడిలో అంత్యక్రియలు చేస్తారా?

చేస్తారు. 1983 నాటి కానన్ చట్టంలోని 1176వ సూత్రం ప్రకారం మరణించిన విశ్వాసులకు శ్రీసభ అంత్యక్రియలు జరిపి తీరాలి. అది గురువు దయతలచి ఇచ్చేది కాదు, బ్రతికినన్నాళ్లు క్రమం తప్పకుండా వచ్చినందుకు దక్కే బహుమానమూ కాదు. మరణించినవారికి ఆత్మీయ సహాయం అందించడం, వారి దేహాన్ని గౌరవించడం, బ్రతికున్నవారికి నిరీక్షణతో కూడిన ఓదార్పు ఇవ్వడం అనే మూడు ఉద్దేశాలను ఆ సూత్రమే చెబుతుంది. కావాలని ఆదివార పూజ మానడాన్ని సత్యోపదేశం ఘోరమైన పాపంగానే పరిగణిస్తుంది, దాన్ని ఇక్కడ తేలిక చేయడం లేదు. అయినా అంత్యక్రియలు నిరాకరించడానికి చట్టం చూపిన కారణాల్లో అది లేదు. పూజకు రాకపోవడం వేరు, విశ్వాసాన్ని నలుగురి ముందు తోసిపుచ్చడం వేరు.

మన ప్రాంతంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఏడాది పొడుగునా గుడి మెట్లెక్కని మనిషి ఫిబ్రవరి వచ్చేసరికి గుణదల కొండెక్కి మరియతల్లికి మొక్కు తీర్చుకుని వస్తాడు, క్రిస్మస్ రాత్రి పూజలో వెనక వరుసలో నిలబడతాడు, మెడలో స్వరూపం తీయడు. అతణ్ని విశ్వాసం వదిలేసినవాడని ఎవరనగలరు?

మరి ఎవరికి నిరాకరిస్తారు?

1184వ సూత్రం మూడు రకాలవారిని పేర్కొంటుంది. క్రైస్తవ విశ్వాసాన్ని పూర్తిగా త్యజించారని, లేదా తప్పు బోధను పట్టుకున్నారని, లేదా శ్రీసభతో ఐక్యతను తెంచుకున్నారని అందరికీ తెలిసినవారు మొదటి రకం. క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమైన కారణంతో దహనాన్ని కోరుకున్నవారు రెండో రకం. అంత్యక్రియలు జరిపితే విశ్వాసులకు దుర్మాదిరి అయ్యేంత బహిరంగంగా పాపంలో జీవించినవారు మూడో రకం. ఈ ముగ్గురి విషయంలోనూ చట్టం ఒక షరతు ముందే పెట్టింది: మరణానికి ముందు ఏదో ఒక పశ్చాత్తాప సూచన కనిపిస్తే నిరాకరణ వర్తించదు. ఆ సూచన పెద్దదిగా ఉండనక్కర్లేదు. గురువును పిలవమని అడగడం, సిలువను ముద్దుపెట్టుకోవడం, మంచం మీద జపమాల చేతికి తీసుకోవడం, "నా కోసం ప్రార్థించండి" అనడం వంటివి చాలు. కాబట్టి చివరి రోజుల్లో అలాంటిది ఏదైనా చూసినవారుంటే గురువుకు తప్పకుండా చెప్పాలి. మాటవరసకైనా సిస్టర్‌తోనో, ఉపదేశితోనో, పక్కింటివారితోనో అన్న మాట కూడా లెక్కలోకి వస్తుంది.

సందేహం మిగిలితే గురువు తనంత తాను తేల్చకూడదు. పీఠాధిపతిని (బిషప్‌ను) సంప్రదించి ఆయన నిర్ణయాన్ని పాటించాలి. ఒకవేళ నిరాకరణే ఖాయమైతే 1185వ సూత్రం ప్రకారం అంత్యక్రియల పూజ కూడా ఉండదు. అయితే ఆ మనిషి కోసం ఎప్పటికీ ప్రార్థించకూడదని దాని అర్థం కాదు. బ్రతికున్నవారిలో గానీ మరణించినవారిలో గానీ ఎవరి కోసమైనా గురువు దివ్యపూజను అర్పించవచ్చని 901వ సూత్రం చెబుతోంది.

"నేను పోయాక ఫాదర్‌ను పిలవొద్దు" అని ఆయనే చెప్పారు. ఏం చేయాలి?

ఆ మాట ఎందుకన్నారో ముందు ఆలోచించండి. సమాధి స్థలం దగ్గరో, పెళ్లి దగ్గరో, బడిలో సీటు దగ్గరో ఒక గురువుతో మాటామాటా వచ్చి, ఆ కోపంలో గుడి మానేసినవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఆ కోపం మనిషి మీద, దేవుడి మీద కాదు. అలాంటప్పుడు కుటుంబం జరిగింది జరిగినట్టు చెప్పి అంత్యక్రియలు అడగవచ్చు, ఇబ్బందిగా ఉంటే వేరే గురువును పంపమని విచారణలోనే కోరవచ్చు. అలా కాక, నిండు తెలివితో, ఏళ్ల తరబడి "నాకీ విశ్వాసం లేదు, ఆ మంత్రాలు నా మీద చదవొద్దు" అని చెప్పిన మనిషి మాటను చనిపోయాక కాదనడం సరికాదని నా అభిప్రాయం. ఆయన కోరుకున్నట్టే సాగనంపి, ఆ తర్వాత ఆయన పేరున పూజ చెప్పించుకోండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సర్టిఫికెట్‌లో హిందువు అని ఉంది. ఫాదర్ గారు దాన్ని చూపించి కాదంటారా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ప్రశ్నకు ఉన్నంత బరువు మరే ప్రశ్నకూ లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు మాత్రం ఈనాటికీ ఇవ్వలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులు ఇక్కడ బీసీ-సీ కింద ఉన్నారు. అందుకే నాలుగు తరాలుగా ఆర్‌సీఎం (కతోలిక మిషన్) పేటలో పుట్టి పెరిగిన కుటుంబాల్లో సైతం బడి రికార్డులో మతం గడిలో వేరే మాట ఉంటుంది. ఉద్యోగం వచ్చాక కొందరు భయంతో గుడికి రావడమే తగ్గించారు, బదిలీ మీద వెళ్లిన ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేదు, అలా అలా ఆచరణ పోయింది.

చట్టం భాషలో విశ్వాస త్యాగం అంటే క్రైస్తవ విశ్వాసాన్ని మొత్తంగా నిరాకరించడం. 751వ సూత్రం దాన్ని అలాగే నిర్వచిస్తుంది. ప్రభుత్వ కాగితంలోని ఒక గడి ఆ నిరాకరణ అవుతుందా? 2006లో శాసన గ్రంథాల పరమ సభ వివాహ చట్టం సందర్భంలో ఒక లేఖ పంపింది. శ్రీసభను విడిచిపెట్టడం అంటే లోపల నిజమైన నిర్ణయం ఉండాలని, దాన్ని బయటికి వ్యక్తం చేయాలని, అది శ్రీసభ అధికారికి నేరుగా అందాలని, కేవలం పౌర ప్రభుత్వం ముందు జరిగే చర్య దానంతట అది సరిపోదని అందులో వివరించారు. ఆ లేఖ అంత్యక్రియల గురించి రాసింది కాదు గానీ, ఆలోచన తీరు ఇక్కడికీ వర్తిస్తుంది. కాగితం మీద మాట నిజం కాకపోవడం అనే నైతిక ప్రశ్న ఉంది, దాన్ని కాదనలేం. కానీ ఆ తూకంలో ఆ మాట రాయించిన ఒత్తిడినీ వేయాలి. సర్టిఫికెట్‌ను మాత్రమే చూసి ఒక మనిషిని విశ్వాస త్యాగి అనే గురువులు ఈ నేల మీద పనిచేస్తూ ఈ నేలను చూడనివారు.

జ్ఞానస్నానం (బాప్తిస్మం) రుజువు దొరకడం లేదు. పేర్లు కూడా కలవడం లేదు.

జ్ఞానస్నానం ఎక్కడ జరిగిందో ఆ విచారణలోని పుస్తకంలో పేరు, తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, జరిపించిన గురువు నమోదై ఉంటారు. ఆధార్ కార్డులో శ్రీనివాసరావు అయిన మనిషి అందులో ఇన్నాసయ్యగానో, చిన్నప్పగానో, బాలశౌరిగానో ఉండవచ్చు. కనుక ఆధార్ పేరుతో వెతికితే దొరకదు, తండ్రి పేరు, పుట్టిన ఏడాది పట్టుకుని వెతకాలి. పుస్తకం చెదలు తిన్నా, తడిసిపోయినా కంగారుపడనక్కర్లేదు. ఎవరికీ నష్టం కలగని సందర్భంలో నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలని 876వ సూత్రం చెబుతుంది. జ్ఞాన తల్లి బ్రతికి ఉంటే ఆమె చెప్పిన మాటే రుజువు.

వేరే సంఘానికి వెళ్లిపోయినవారి సంగతి?

పెంతెకోస్తు సంఘంలోనో మరో సంఘంలోనో చేరి, అక్కడ మళ్లీ బాప్తిస్మం తీసుకుని, ఆ సంఘంవాడిగానే అందరికీ తెలిసిన వ్యక్తికి సాధారణంగా ఆ సంఘ కాపరే భూస్థాపన చేస్తారు. చిక్కు వచ్చేది ఆ మనిషి అక్కడా కుదురుకోక, ఇక్కడికీ తిరిగి రాక మధ్యలో ఉండిపోయినప్పుడు, లేదా చివర్లో "నన్ను మా అమ్మానాన్నల పక్కన పెట్టండి" అన్నప్పుడు. ఆ కోరికనే తిరిగి రావాలన్న సూచనగా తీసుకోవచ్చా అన్నది పీఠాధిపతి తేలుస్తారు. పుట్టుకతో సీఎస్ఐ, బాప్టిస్టు వంటి సంఘాలకు చెంది, కతోలిక కుటుంబంలో కోడలిగానో అల్లుడిగానో ఉన్నవారి విషయం వేరు. తమ కాపరి అందుబాటులో లేకపోతే, వారికి ఇష్టం లేదని తెలియజేసే ఆధారమేదీ లేకపోతే, పీఠాధిపతి అనుమతితో వారికీ కతోలిక అంత్యక్రియలు జరపవచ్చని 1183వ సూత్రంలో ఉంది.

ఆమె రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) దూరంగా ఉండిపోయింది.

ఇది ఒక్కటే అయితే అంత్యక్రియలకు అడ్డు కాదు. సక్రమం కాని వివాహంలో ఉన్నవారి గురించి 1973లోనే రోము ఒక నిర్ణయం వెలువరించింది. శ్రీసభ మీద అభిమానం నిలుపుకుని, మరణానికి ముందు కొంతైనా పశ్చాత్తాపం చూపినవారికి, ఇతర విశ్వాసులకు దుర్మాదిరి కానంతవరకు, అంత్యక్రియలు నిరాకరించకూడదని అందులోని సారం. గుడిలో వెనక బల్ల మీద కూర్చుని, సత్ప్రసాదానికి లేవకుండా ఉండిపోయిన స్త్రీ ఏళ్ల తరబడి చేసింది కూడా ఒక రకమైన విశ్వాస ప్రకటనే.

చందా బాకీ ఉంది. కట్టేదాకా సమాధికి స్థలం ఇవ్వమంటున్నారు.

విచారణకు చందా కట్టడం విశ్వాసుల బాధ్యతే. సమాధుల తోటకు గోడ, గేటు, కాపలా అన్నీ ఆ డబ్బుతోనే నడుస్తాయి. కానీ అంత్యక్రియల కానుకల విషయంలో పక్షపాతం చూపకూడదని, పేదలకు తగిన అంత్యక్రియలు అందకుండా పోకూడదని 1181వ సూత్రం స్పష్టంగా చెబుతుంది. శవం ఇంట్లో ఉండగా పాత లెక్కల పుస్తకం తెరవడం, అది కమిటీ పెద్దలు చేసినా సరే, మంచి పద్ధతి కాదు. బాకీని తర్వాత వాయిదాల్లో చూసుకుంటామని కుటుంబం మాటిస్తే ఆ రోజుకు అక్కడితో ఆపాలి. ఆపకపోతే పీఠాధిపతి కార్యాలయానికి ఫోన్ చేయడంలో తప్పులేదు.

మనిషి స్పృహలో లేరు. ఏళ్లుగా ఆచరణ లేదు. ఇప్పుడు గురువును పిలిచి ప్రయోజనం ఉందా?

ఉంది, వెంటనే పిలవండి. ఈ మొత్తం పుటలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతావన్నీ చనిపోయాక చేసేవి.

అవస్థ అభ్యంగనం (రోగికి గురువు తైలం పూసి ఇచ్చే సంస్కారం) బ్రతికున్నవారికే ఇస్తారు. తెలివిలో ఉన్నప్పుడు పరోక్షంగానైనా దాన్ని కోరుకుని ఉండేవారని అనుకోగల రోగికి ఇవ్వవచ్చని 1006వ సూత్రం, ప్రాణం పోయిందో లేదో సందేహంగా ఉన్నా ఇవ్వాలని 1005వ సూత్రం చెబుతున్నాయి. బహిరంగమైన ఘోర పాపంలో మొండిగా కొనసాగుతున్నవారికి ఇవ్వకూడదన్న నియమమూ ఉంది, కానీ ఊరికే దూరమైపోయిన మనిషి ఆ కోవలోకి రాడు. తెలివి ఉంటే పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) చేయించవచ్చు. మరణాపాయంలో ఉన్నవారికి ఏ గురువైనా, సాధారణంగా పాపసంకీర్తనం వినే అధికారం లేని గురువు సైతం, పాపవిమోచనం ఇవ్వగలరు. శ్రీసభ ఈ ఒక్క సందర్భంలో తన తలుపులన్నీ ఒకేసారి తెరిచిపెడుతుంది.

ఇంట్లో అయితే మంచం పక్కన చిన్న బల్ల, తెల్లటి గుడ్డ, సిలువ, వెలిగించిన కొవ్వొత్తి ఉంటే చాలు. గురువు నుదుటి మీద, అరచేతుల్లో తైలం పూస్తారు. ఐసీయూలో కొవ్వొత్తి వెలిగించనివ్వరు, అవసరమూ లేదు, ముందుగా డ్యూటీ డాక్టరుకు చెప్పి రెండు నిమిషాలు అడిగితే సాధారణంగా కాదనరు. గురువు వచ్చేలోపు రోగి చెవి దగ్గర ఉత్తమ మనస్తాప జపం (పాపాలకు పశ్చాత్తాపపడే ప్రార్థన) నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. స్పృహ లేనట్టు కనిపించే మనిషి వింటూ ఉండవచ్చు. "ఫాదర్‌ను చూస్తే భయపడిపోతారు" అని ఆఖరి గంట దాకా ఆగే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జాగ్రత్త రోగి కంటే ఎక్కువగా కుటుంబం భయాన్ని కాపాడుతుంది.

అంత్యక్రియల్లో ఏమేం ఉంటాయి? ఆయన జీవితం గురించి గురువు ఎత్తిపొడుస్తారేమోనని భయంగా ఉంది.

1969లో సవరించిన క్రమంలో మూడు చోట్ల ప్రార్థనలున్నాయి: ఇంటి దగ్గర, దేవాలయంలో, సమాధి దగ్గర. గుడిలో పెట్టె పక్కన పాస్కా (ఈస్టర్) వత్తి వెలిగిస్తారు, పూజ ముగిశాక తీర్థం చల్లి సాంబ్రాణి ధూపం వేస్తారు. తీర్థం జ్ఞానస్నానానికి గుర్తు, ధూపం ఆ దేహం పవిత్రాత్మకు ఆలయమైనందుకు ఇచ్చే గౌరవం. గమనించండి, ఈ గుర్తులన్నీ ఆ మనిషి దేవుడికి ఏం చేశాడన్నది చెప్పవు, దేవుడు ఆ మనిషికి ఏం చేశాడన్నది చెబుతాయి. అందుకే అవి ఆచరణ మానేసినవారి పెట్టె దగ్గర కూడా అబద్ధం కావు.

ప్రసంగంలో పొగడ్త ఉండకూడదని పూజ నియమాలే అంటున్నాయి. పొగడ్తకే చోటు లేనప్పుడు తెగడ్తకు అసలే లేదు. కుటుంబంలో ఎవరైనా నాలుగు మాటలు చెప్పుకోవాలంటే చివరి వీడ్కోలు ప్రార్థనకు ముందు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పవిత్ర గురువారం నుంచి పాస్కా ఆదివారం దాకా, ఆగమన (క్రిస్మస్‌కు ముందు), తపస్సు (ఈస్టర్‌కు ముందు), పాస్కా కాలాల ఆదివారాల్లో, విధిగా పాటించాల్సిన మహోత్సవాల్లో అంత్యక్రియల పూజ ఉండదు. ఆ రోజుల్లో వాక్య పఠనంతో భూస్థాపన చేసి, పూజను తర్వాత పెట్టుకుంటారు. కుటుంబంలో ఎవరూ సత్ప్రసాదం తీసుకునే స్థితిలో లేకపోయినా పూజ అడగడానికి మొహమాటపడనక్కర్లేదు, ఆ పూజ మరణించినవారి కోసం అర్పించేది.

దహనం చేయవచ్చా? చితాభస్మాన్ని గోదావరిలో కలపమని మా వదినగారి తరఫువాళ్లు అంటున్నారు.

దహనాన్ని 1886లో నిషేధించిన రోము 1963లో ఆ నిషేధాన్ని సడలించింది. ఈనాటి చట్టం భూస్థాపనను గట్టిగా ప్రోత్సహిస్తూనే, పునరుత్థాన విశ్వాసాన్ని కాదనడానికి ఎంచుకున్నది కానంతవరకు దహనాన్ని అనుమతిస్తుంది. నగరాల్లో సమాధి స్థలం దొరక్క, అమెరికా, గల్ఫ్ దేశాల నుంచి దేహాన్ని తేలేక దహనం ఎంచుకునేవారు ఇందులో నిశ్చింతగా ఉండవచ్చు. అయితే చితాభస్మాన్ని నదిలో కలపడం, గాలిలో చల్లడం, పంచుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 2016 నాటి ఆదేశం ప్రకారం కూడదు, సమాధుల తోటలోనో ఇతర పవిత్ర స్థలంలోనో ఉంచాలి. 2023 డిసెంబరులో ఇచ్చిన వివరణ కొద్దిపాటి సడలింపు ఇచ్చింది: ఆ మనిషి జీవితానికి ముఖ్యమైన ఒక చోట కొంచెం భాగాన్ని ఉంచేందుకు తగిన షరతులతో శ్రీసభ అధికారి ఒప్పుకోవచ్చు.

మీ వదినగారి తరఫువాళ్లకు నిమజ్జనం ప్రేమతో చేసే పని, అడిగినందుకు వారిని నొప్పించకండి. మరణించినవారి పేరున ఒక చోటు ఉండాలని, అక్కడికి వచ్చి ప్రార్థించుకుంటామని చెబితే సాధారణంగా అర్థం చేసుకుంటారు. వారి ఇంట్లోనూ పెద్దల పేరున ఏడాదికోసారి ఏదో ఒకటి చేస్తారు కదా.

ఆత్మహత్య చేసుకున్నవారికి?

1917 నాటి చట్టం, తెలిసి తెలిసి చేసుకున్నవారికి అంత్యక్రియలు నిరాకరించేది. 1983 చట్టం ఆ మాటను తీసేసింది. ఇప్పుడు వారికీ అందరిలాగే అంత్యక్రియలు జరుగుతాయి. తీవ్రమైన మానసిక వేదన, భయం, బాధ మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, వారి రక్షణ గురించి నిరాశ పడకూడదని, దేవుడికి మాత్రమే తెలిసిన దారుల్లో పశ్చాత్తాపానికి అవకాశం ఇవ్వగలడని సత్యోపదేశం 2282, 2283 పేరాలు చెబుతాయి. ఊళ్లో ఇంకా పాత మాట చెప్పేవారుంటే, అది నలభై ఏళ్ల కిందట పోయిన నియమమని వారికి చెప్పండి. కుటుంబంలో మరెవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ఒంటరిగా వదలకండి, వైద్యుణ్ని కలిపించండి.

ఇంతకీ ఆయన ఎక్కడున్నట్టు? నరకానికి వెళ్లినట్టేనా?

మరణించిన క్షణాన ప్రతి ఆత్మకూ వ్యక్తిగత తీర్పు ఉంటుందని శ్రీసభ బోధిస్తుంది. ఆ తీర్పు తర్వాత మోక్షం, మోక్షానికి ముందు శుద్ధి, లేదా నరకం. నరకం నిజమేనని, శాశ్వతమని కూడా బోధిస్తుంది. అది దేవుడు ఎవరినో పట్టుకుని తోసే గొయ్యి కాదు, దేవుడి ప్రేమను చివరిదాకా వద్దనుకుని తనను తాను వేరుచేసుకున్న స్థితి. దేవుడు ఎవరినీ నరకానికి ముందుగా నిర్ణయించలేదని సత్యోపదేశం 1037వ పేరా అంటుంది. శ్రీసభ వేలమందిని పునీతులుగా ప్రకటించింది గానీ, ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని ఇంతవరకు ఒక్కరి పేరూ ప్రకటించలేదు.

కాబట్టి ఏళ్ల తరబడి పూజకు రాకుండా చనిపోయిన మనిషి గురించి రెండు తేలిక మాటలూ చెప్పకూడదు. "నేరుగా మోక్షానికే వెళ్లాడు" అని చెప్పేస్తే ఆయన కోసం ఇక ఎవరూ ప్రార్థించరు. "పోయింది, ఇక చేయగలిగిందేమీ లేదు" అనడానికి మనకు అధికారం లేదు. దేవుడి స్నేహాన్ని తెంచేసే చావైన పాపం కావాలంటే విషయం ఘోరమైనదై ఉండాలి, నిండు తెలివితో, నిండు సమ్మతితో చేసి ఉండాలి. ఆదివారం మానేసిన మనిషి ఎంత తెలిసి మానేశాడు? చిన్నప్పుడు సత్యోపదేశం చెప్పినవారు ఎంత చెప్పారు? గుడిలో ఎవరు ఎలా నొప్పించారు? ఎండిపోయిన పంట, తాగుడు, రాత్రి డ్యూటీలు, సిగ్గు, వీటిలో ఎంత ఎవరిది? ఈ లెక్క దేవుడొక్కడే వేయగలడు. పైగా దేవుడి మీది ప్రేమతో పుట్టే పరిపూర్ణ పశ్చాత్తాపం, వీలైనప్పుడు పాపసంకీర్తనం చేయాలన్న నిశ్చయంతో కూడి ఉంటే, చావైన పాపాన్ని సైతం తుడిచేస్తుందని బోధ. అది ఆఖరి క్షణంలోనూ రావచ్చు, మంచం చుట్టూ ఉన్న మనకు కనిపించకపోనూవచ్చు. సిలువ మీద దొంగకు దొరికింది అంతకంటే ఎక్కువ సమయమేమీ కాదు.

ఉత్తరించు స్థలం అంటే ఏమిటి? మన ప్రార్థన అక్కడికి చేరుతుందా?

దేవుడి స్నేహంలో చనిపోయి కూడా ఇంకా శుద్ధి కావలసినవారు మోక్షంలో ప్రవేశించే ముందు పొందే శుద్ధి అది. ఫ్లారెన్స్ మహాసభ 1439లో, ట్రెంట్ మహాసభ 1563లో దాన్ని నిర్ధారించాయి. మన పెద్దలు దాన్ని నరకంలాంటిదే, కాకపోతే గడువున్న శిక్షగా వర్ణించి భయపెట్టేవారు. అక్కడ చేరినవారందరూ రక్షణ పొందినవారేనన్నది ఆ భయంలో మరుగునపడిపోయింది. జగద్గురువులు (పోపు) 16వ బెనెడిక్టు 2007లో నిరీక్షణ గురించి రాసిన లేఖలో, చాలామంది మనుషుల్లో లోలోపల సత్యం వైపు, దేవుడి వైపు ఒక తెరుచుకున్న తలుపు ఉంటుందని, బ్రతుకులో చేసిన రాజీలు దాన్ని కప్పేసి ఉంటాయని, క్రీస్తును ఎదుర్కోవడమే ఆ మురికిని కాల్చే అగ్ని కావచ్చని వివరించారు. ఆచరణ మానేసిన మన బంధువుల్లో ఎక్కువమంది ఆ వర్ణనలోనే కనిపిస్తారు.

ప్రార్థన చేరుతుంది. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా మక్కబీయుడు చనిపోయిన సైనికుల పాపపరిహారం కోసం రెండువేల వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. ఆ సైనికులేమీ నిష్ఠాపరులు కారు, వారి అంగీల కింద విగ్రహాల తాయెత్తులు దొరికాయి. ఈ గ్రంథం ప్రొటెస్టెంటు బైబిల్లో లేదు గనుక, ఆ సంఘాల బంధువులు ఆదరణ కూడికలో "చనిపోయినవారికి ప్రార్థన ఎందుకు?" అని అడిగితే చావింట్లో వాదన పెట్టుకోకండి. పునీత అగస్టీను తల్లి మోనిక 387లో ఓస్తియాలో చనిపోతూ, దేహాన్ని ఎక్కడ పెట్టినా ఫరవాలేదని, ప్రభువు బలిపీఠం దగ్గర మాత్రం తనను తలుచుకోమని కొడుకులను కోరింది.

జ్ఞానస్నానం ఇప్పించకముందే బిడ్డ చనిపోయింది. మేమే ఆలస్యం చేశాం.

తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే పీఠాధిపతి అనుమతితో బిడ్డకు అంత్యక్రియలు జరుగుతాయి. అలాంటి పసిపిల్లల రక్షణ గురించి నిరీక్షించడానికి గట్టి కారణాలున్నాయని అంతర్జాతీయ వేదాంత మండలి 2007లో చెప్పింది.

మూడో రోజు, పదకొండో రోజు, నలభయ్యో రోజు చేయాలా?

శ్రీసభ వీటిని విధిగా పెట్టలేదు, చాలా చోట్ల మూడో రోజున సమాధి దగ్గరికి వెళ్లి పూలు, కొవ్వొత్తులు పెట్టి ప్రార్థిస్తారు, నలభయ్యో రోజున పూజ చెప్పించి భోజనాలు పెడతారు. మంచిదే. అప్పు చేసి మాంసం భోజనాలు పెట్టి, పూజ చెప్పించడం మరిచిపోయే పద్ధతి మాత్రం తలకిందులైంది.

ఆచరణ మానేసింది నేనే. ఇప్పుడేం చేయాలి?

పాపసంకీర్తనానికి వెళ్లండి. ఎన్నేళ్లయిందో చెప్పి, "ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు ఫాదర్" అంటే మిగతాది గురువే నడిపిస్తారు. వివాహం వంటి చిక్కులుంటే వాటిని సరిచేసుకునే దారి కూడా అక్కడే తెలుస్తుంది. అప్పటిదాకా ఆగలేని పరిస్థితి వస్తుందేమోనని అనుమానం ఉంటే, మీకు అవస్థ అభ్యంగనం, కతోలిక అంత్యక్రియలు కావాలని ఒక కాగితం మీద రాసి సంతకం చేసి, ఇంట్లో నమ్మకమైనవారికి ఇవ్వండి. మీ పిల్లలు వేరే సంఘాల్లోనో వేరే మతంలోనో ఉంటే ఈ కాగితం మరీ ముఖ్యం. అందులో జ్ఞానస్నానం పేరు, జరిగిన ఊరు, విచారణ కూడా రాయండి.

సమాధుల పండుగకు ఆయన పేరు ఇవ్వవచ్చా?

ఇవ్వండి. నవంబరు 2న సకల మృతుల కోసం పూజ జరుగుతుంది, చాలా విచారణల్లో అంతకు ముందు వారం నుంచే పేర్ల జాబితా తీసుకుంటారు. నవంబరు 1 నుంచి 8 వరకు ఏ రోజైనా సమాధుల తోటకు వెళ్లి మృతుల కోసం ప్రార్థించి, పాపసంకీర్తనం, సత్ప్రసాదం, జగద్గురువుల ఉద్దేశాల కోసం ప్రార్థన వంటి షరతులు పూర్తిచేసిన విశ్వాసి, ఉత్తరించు స్థలంలోని ఒక ఆత్మకు పరిపూర్ణ శిక్షా విమోచనాన్ని (పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడాన్ని) సమర్పించవచ్చు. జాబితాలో పేరు రాసేటప్పుడు ఆయన ఆచరణ గురించి ఎవరూ అడగరు. జ్ఞానస్నానం పేరు, ఇంటిపేరు రాస్తే చాలు.